నలభై ఒకటో నంబరు అల్లిన చెయ్యి

ఎంపిక కమిటీలో చేత్తో పనిచేసే మనిషి ఒకరైనా ఉండాలని పైనుంచి ఎవరో పట్టుబట్టారట. అందుకని మా పేము పనివాళ్ళ సంఘం నుంచి నన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. నేను కుర్చీలకు పేము అల్లుతాను. ముప్ఫై ఏళ్ళుగా మందికి కూర్చునే చోటు తయారుచేశాను గానీ, చేతుల కుర్చీలో నేను కూర్చున్నది అదే మొదటిసారి. అది కూడా ప్లాస్టిక్‌ది.

సమకాలీన హస్తకళల ప్రదర్శన అది. వచ్చిన వస్తువులు నూట పన్నెండు, ఎంచాల్సినవి పన్నెండు. మేం ఐదుగురం. క్యూరేటరమ్మ, డిజైన్ కాలేజీ ప్రొఫెసరు, షోరూం యజమాని, పోయినసారి బహుమతి కొట్టిన కుండలాయన, చివర నేను. వస్తువుల మీద పేర్లు ఉండవు, నంబర్లే. నచ్చితే చీటీ మీద పచ్చచుక్క, నచ్చకపోతే ఎర్రచుక్క అంటించాలి. మూడు పచ్చవి పడితే ఎంపికైనట్టు.

ఎంపికైన పన్నెండుమందికీ పాత మిల్లు మేడమీద తలా ఒక గది, ఏడాదిపాటు అద్దె లేకుండా. గదికో కుళాయి, నీళ్ళు పోయే తూము. శాలువాలూ సర్టిఫికెట్లూ ఎవరికి కావాలి? పేముకి కావలసింది నీళ్ళు. నానకపోతే పుటుక్కున విరుగుతుంది. నాలుగు గంటలు నానితే చెప్పిన మాట వింటుంది.

ఆ గది కావలసింది మా వదినకి.

మా మధ్య రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే షెడ్డులో పదకొండేళ్ళు పక్కపక్కన కూర్చుని అల్లాం, అలా కలిసిన వరస. ఆమెది ఎడమచేతి వాటం. షెడ్డు మూతపడ్డాక తన మూడో అంతస్తు వాటా బయట, మెట్ల మలుపులో తొట్టి పెట్టుకుని అల్లుతోంది. లోపల రెండు మంచాలు పడితే మూడో మనిషి నిలబడే చోటు లేదు. తొట్టి నీళ్ళు మెట్ల మీదికి కారతాయి. కింది వాటా ఆవిడ ఒకరోజు జారి కూలబడి, “నా నడుం విరిగితే దాన్ని కూడా పేముతో అల్లుతావా?” అని వీధి దద్దరిల్లేలా అరిచింది. ఇంటాయన నెలాఖరు దాకా గడువిచ్చాడు. తొట్టి తీసెయ్యాలి, లేదా తొట్టితో పాటు మనిషి వెళ్ళిపోవాలి.

పోటీకి బుట్ట అల్లేముందు వదిన నన్ను అడిగింది.

“నా వాటంలో అల్లనా, సరైన వాటంలో అల్లనా?”

కుడిచేత్తో అల్లేవాళ్ళం పేముని ఒకవైపుకి నడిపిస్తాం. మెలి అటే ఒరుగుతుంది. వదిన అల్లితే రెండోవైపుకి ఒరుగుతుంది. ఆ ఒరుగు చూసి షెడ్డులో మేస్త్రీ ఆమె బుట్టల్ని పక్కన పడేసేవాడు. వంకర సరుకు అనేవాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ ఎడమచేతిని నడుముకి కట్టేసి అల్లించాడట. తప్పు, తప్పు అని అంతకాలం విన్న మనిషి అలాగే అడుగుతుంది మరి.

“పోటీ కదా వదినా, వంక పెట్టడానికి వాళ్ళకి సందివ్వకు. కుడివాటంలోనే అల్లెయ్” అన్నాను. గొప్ప తెలివైనదాన్ననుకుని చెప్పాను.

రెండు నెలలు పట్టింది ఆమెకి. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని అల్లింది. ఆ బుట్ట పదిహేడో నంబరు. అది ఎవరిదో నాకు తెలుసని నియమం ప్రకారం నేను ముందే చెప్పాలి. చెప్పలేదు. ప్రొఫెసరు తన శిష్యుల వస్తువులు వచ్చినప్పుడల్లా ముక్కు గోక్కుంటూ పచ్చచుక్క అంటించాడు. ఆయనా చెప్పలేదు.

మొదటిరోజు పొద్దున పదిహేడు బల్లమీదికి వచ్చింది.

“నీట్‌గా ఉంది,” అన్నది క్యూరేటరమ్మ.

“నీట్‌గానే ఉంది, అంతే,” అన్నాడు ప్రొఫెసరు. “చెయ్యి పలకడం లేదు. భయపడి అల్లినట్టుంది.”

“కూరగాయలకి బాగుంటుంది,” అన్నాడు షోరూమాయన. కుండలాయన నవ్వాడు.

ఒక్క పచ్చచుక్క పడింది. అది నాది. బుట్ట గోడవారకి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రొఫెసరు పీక పట్టుకోవాలనిపించింది. ఎందుకు పట్టుకోలేదంటే, ఆయన చెప్పింది నిజం.

మధ్యాహ్నం నలభై ఒకటి వచ్చింది. బల్లమీద పట్టేది కాదు. నలుగురు మోసుకొచ్చి నేలమీద నిలబెట్టారు. మనిషెత్తు పేము గొట్టాలు రెండు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, మధ్యలో మూరెడు మేర ఇక్కడే అల్లి కలపాలి. మొత్తం ఒక్కటిగా అయితే తలుపులోంచి రాదు కాబట్టి అలా పంపారు. గొట్టం కింద సన్నంగా మొదలై, పైకి పోయేకొద్దీ ఊపిరి పీల్చినట్టు ఉబ్బింది. చూస్తుంటే నా చేతులు వాటంతట అవే కదిలాయి. అంత బాగుంది.

“చూశారా మెలి?” అన్నాడు ప్రొఫెసరు, మోకాళ్ళమీద కూర్చుని. “కావాలని ఎదురు దిశలో తిప్పాడు. వందల ఏళ్ళ అలవాటుని ధిక్కరించాడు. ఇదీ సమకాలీనం అంటే!”

నేను దగ్గరికెళ్ళి పట్టి చూశాను. మెలి ఎడమకి ఒరిగింది. ప్రతి పదో వరసకీ పేము కొస లోపలికి దోపి, బొటనవేలితో నొక్కిన చిన్న పల్లం ఉంది. పదకొండేళ్ళు నా పక్కన ఆ పల్లం పడుతుంటే చూశాను.

పగలబడి నవ్వాను.

“ధిక్కారం కాదు సార్. ఎడమచెయ్యి.”

“ఏమిటీ?”

“అల్లినావిడది ఎడమచేతి వాటం. ఎదురు దిశ కాదు, ఆమెకి అదే దిశ.”

క్యూరేటరమ్మ ముఖం చిట్లించింది. “ఎవరు చేశారో మాట్లాడకూడదమ్మా. నియమం.”

ఐదు పచ్చచుక్కలు పడ్డాయి. ఐదోది నేనే అంటించాను. ఆ అల్లికకి ఎర్రచుక్క పెట్టడానికి నా చెయ్యి రాలేదు. చుక్కలన్నీ పడిపోయాయి కాబట్టి ఇక చెప్పొచ్చంటూ షోరూమాయన బయటపెట్టాడు. ఆ వస్తువు శిల్పిగారిది. ఊళ్ళో ఆయనకి రెండంతస్తుల స్టూడియో ఉంది. ప్రదర్శన పోస్టరు మీద ఆ గొట్టం బొమ్మ, రెండు ముక్కలూ కలిపేసినట్టు గీసింది, అప్పటికే అచ్చయిపోయింది కూడా. ఇక మేం ఎంచేది ఏమిటో!

అక్కణ్ణుంచి తిన్నగా వదిన దగ్గరికి పోయాను. మెట్ల మలుపులో తడిగుడ్డ పిండుతోంది.

“శిల్పికి పెద్దది అల్లిపెట్టావా?”

“అల్లిపెట్టా. అయితే?”

“నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?”

“నువ్వు అరుస్తావని.”

“ఎవరు అరిచారు?” అని అరిచాను.

కింది వాటా తలుపు తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది.

“ఆయన బొమ్మ గీశాడు, నేను అల్లాను,” అన్నది. “బొమ్మంటే బొమ్మా కాదు. కాగితం మీద నిలువుగా ఒక గీత. ఎక్కడ ఉబ్బాలండీ అంటే, నీకెక్కడ అనిపిస్తే అక్కడ అన్నాడు. అనిపించిన చోట ఉబ్బించా. నా బుట్ట సంగతి చెప్పు.”

చెప్పాను. భయపడి అల్లినట్టుందన్న మాట కూడా దాచలేదు. వదిన తడిగుడ్డ తొట్టి అంచున ఆరేసింది. చాలాసేపు దాని ముడతలే సర్దింది.

“ఆయన కోసం అల్లేటప్పుడు నువ్వు పక్కన లేవు,” అన్నది చివరికి. “మేస్త్రీ లేడు, మా నాన్న లేడు, నువ్వు లేవు. నాకోసం అల్లుకునేటప్పుడు మాత్రం మీరు ముగ్గురూ వచ్చి నా నెత్తిన కూర్చున్నారు.”

మేస్త్రీ పక్కన నన్ను కూర్చోబెట్టింది. సంఘం ఊరేగింపుల్లో జెండా పట్టుకునే నన్ను!

“రేపు రమ్మన్నాడు,” అన్నది. “ఆ రెండు ముక్కలూ కలపాలట. నువ్వక్కడ గోల చెయ్యకు.”

మర్నాడు మిగతా వస్తువులు చూడటం అయ్యాక జాబితా మీద సంతకాలు. నేను పెట్టనన్నాను. నలభై ఒకటి అల్లిన మనిషి వేరు, గదికెక్కే మనిషి వేరు, ఇది దొంగ జాబితా అన్నాను. బల్ల గుద్దాను. కుండలాయన టీ ఒలికింది.

క్యూరేటరమ్మ నిదానంగా దరఖాస్తు తీసి చూపించింది. “ఇక్కడ అడిగింది ‘రూపకల్పన ఎవరిది’ అని. ఎవరు అల్లారని అడగలేదు. మీ సంతకం లేకపోయినా నలుగురివి చాలమ్మా. ఆ మాట కూడా నియమాల్లో ఉంది.”

నా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా వాళ్ళు ముందే రాసిపెట్టుకున్నారు. నలుగురూ సంతకాలు చేశారు.

అప్పుడే శిల్పి వచ్చాడు. వెనకే వదిన. చంకలో తడిగోనె, అందులో నానిన పేము. ఆయన మా అందరికీ నమస్కారం పెట్టి, వదినని చూపించి, “మా టెక్నీషియన్,” అన్నాడు. ప్రొఫెసరు లేచి శిల్పిని కావలించుకున్నాడు. ధిక్కారం అనే మాట మళ్ళీ వినబడింది.

వదిన గొట్టాల దగ్గరికెళ్ళి గోనె దించింది. విప్పలేదు. దానిమీదే కూర్చుంది.

“కానివ్వమ్మా,” అన్నాడు శిల్పి. “పేము ఆరిపోతుంది.”

“గది ఎవరికండీ?”

“ఏ గది?”

“మిల్లు మేడమీద కుళాయి గది.”

“ఓ, అదా. నాకే వస్తుంది. పాత అట్టపెట్టెలు పెట్టుకోవడానికి పనికొస్తుందిలే.”

అట్టపెట్టెలు! నేను నోరు తెరిచాను. వదిన నావైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. ఎడమచెయ్యి.

“మీ గొట్టాలు రెండూ మెట్లమీద అల్లానండీ. ఎవరైనా దిగుతుంటే ప్రతిసారీ లేచి, గొట్టాన్ని గోడకి ఆనించి, వాళ్ళు పోయాక మళ్ళీ కూర్చున్నా. నెలాఖరుకి ఆ మెట్లు కూడా ఉండవు. మీకు స్టూడియో ఉంది. ఆ గది నాకు రాసివ్వండి. కలుపుతా.”

“ఇదేం పద్ధతమ్మా? నీకేం తక్కువ చేశాను? అల్లినంతకీ ఇచ్చాను కదా?”

“ఇచ్చారు. కాదనలేదే. ఇది అల్లినదాని గురించి కాదు, అల్లాల్సినదాని గురించి.”

శిల్పి నవ్వబోయి మానేశాడు. క్యూరేటరమ్మ గబగబా నా దగ్గరికి వచ్చింది. “మీరూ అల్లుతారు కదా. ఆ మూరెడూ మీరు కలపలేరా?”

“నాది కుడివాటం. కింద ఎడమకి, మధ్యలో కుడికి, పైన ఎడమకి. విరిగిన కాలికి కట్టు కట్టినట్టుంటుంది.”

“నెమ్మదిగా, వాటం మార్చి...”

“అమ్మా, వాటం మార్చి అల్లితే ఏమవుతుందో చూడాలంటే అదిగో, పదిహేడో నంబరు గోడవార ఉంది. భయపడి అల్లినట్టుందన్నారు కదా? అది కూడా ఆమెదే. వాటం మార్చుకోమని చెప్పిన బుద్ధిహీనురాలిని నేనే.”

ప్రొఫెసరు పదిహేడు దగ్గరికెళ్ళాడు, మళ్ళీ గొట్టం దగ్గరికొచ్చాడు. వదిన ముఖంలోకి మొదటిసారి చూశాడు.

“అయితే ఈ బుట్టని మరోసారి పరిశీలించవచ్చేమో...” అని మొదలుపెట్టాడు.

“వద్దండీ,” అన్నది వదిన. “దాన్ని నేనైనా ఎంచను. మీరు దాన్ని పక్కన పెట్టింది సబబే. నాకు దీని సంగతి కావాలి.”

అని గొట్టం మీద చెయ్యేసింది.

ప్రొఫెసరుకి ఇంకో ఉపాయం తట్టింది. రెండు ముక్కల్నీ కలపకుండా అలాగే పెడితే ఎలా ఉంటుంది, విరహం, విభజన, అంటూ ఏదో అన్నాడు. షోరూమాయన తల పట్టుకున్నాడు. “ఊరంతా ఒక్క ముక్కగా ఉన్న పోస్టరు అంటించారు సార్! ఎల్లుండి ప్రారంభం. విరహం తర్వాత చూసుకుందాం. గది ఇచ్చి పారెయ్యండయ్యా శిల్పిగారూ, అట్టపెట్టెలు మా గోడౌన్‌లో పెట్టుకోండి.”

చివరికి కదిలించింది న్యాయం కాదు, పోస్టరు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

శిల్పి కాగితం రాశాడు. వదిన దాన్ని రెండుసార్లు చదివింది. “ఏడాది అని రాయలేదండీ,” అని తిరిగిచ్చింది. రాశాడు. క్యూరేటరమ్మ చేత కూడా సంతకం పెట్టించింది. మడిచి రవికలో పెట్టుకుని, గోనె విప్పింది.

ఆ రోజు, మరుసటి రోజు సగం. గొట్టం చుట్టూ ఎడమకి ఎడమకి తిరుగుతూ అల్లింది. నేను నానిన పేము అందిస్తూ ఉన్నాను. సలహా ఒక్కటి ఇవ్వలేదు. ఇవ్వాలని నాలుక దురద పెట్టింది, అయినా ఇవ్వలేదు. అయిపోయాక ఎక్కడ కలిసిందో నాకే తెలియలేదు. చీటీ మీద మాత్రం రూపకల్పన శిల్పిగారిదే. దాని సంగతి ఇంకోరోజు తేలుస్తానని చెప్పాను. “తేల్చు. ముందు తొట్టి పట్టుకో,” అన్నది వదిన.

మూడురోజుల తర్వాత తొట్టిని ఇద్దరం మిల్లు మేడమీదికి మోసుకెళ్ళాం. అరవై రెండు మెట్లు. గది బాగుంది. పొడుగు గది, నిలువు పేము నేలమీద చాపుకోవచ్చు. రెండు కిటికీలు, గాజు పగిలిందొకటి. మూలన కుళాయి, కింద తూము. వదిన తొట్టిని సరిగ్గా కుళాయి కిందికి జరిపి, చెయ్యి తుడుచుకుని, తిప్పింది.

కీచుమని చప్పుడు వచ్చింది. చుక్క నీళ్ళు రాలేదు.

కిటికీలోంచి వంగి చూస్తే కుళాయి గొట్టం గోడ దాటి జానెడు బయటికొచ్చి ఆగిపోయింది. ఆ వెనక ఏమీ లేదు. పన్నెండు గదులకీ అంతే. నియమాల్లో కుళాయి ఉందని రాశారు, కుళాయి పెట్టారు. నీళ్ళు వస్తాయని ఎక్కడా రాయలేదు.

నేను తిట్టడం మొదలుపెట్టాను. క్యూరేటరమ్మనీ ప్రొఫెసరునీ పైనున్న వాళ్ళనీ వాళ్ళ పైనున్న వాళ్ళనీ. మంచి ఊపులో ఉండగా వదిన ఖాళీ బకెట్ తీసుకుని గుమ్మం దాటింది.

“ఎక్కడికి?”

“ఆఫీసుకి. వాళ్ళ బల్ల పక్కన తాగునీళ్ళ డ్రమ్ము చూశా. నీళ్ళొచ్చే దాకా రోజూ అక్కడే నింపుకుంటా.”

“ఊరుకుంటారా?”

“ఊరుకోకపోతే ఇంకా మంచిది. మిగతా పదకొండు గదుల తలుపులూ కొట్టుకుంటూ రా. బకెట్లు తెమ్మను.” రెండు మెట్లు దిగి వెనక్కి చూసింది. “మాట్లాడేది నేను. నువ్వు వెనక నిలబడు.”

సరే వదినా అన్నాను. మొదటి తలుపు కొట్టాను.