రిటర్న్ గాలి

బసంత్‌నగర్ దాటాక రోడ్డు కాస్త ఎత్తెక్కింది. రెజీనా యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కింది. పాత మారుతి వేగం పెరగకపోగా ఇంకా తగ్గింది. వెనకున్న బొగ్గు లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకింది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచింది.

కారు పక్కకు తీసి, స్టీరింగ్‌ను అరచేత్తో కొట్టింది.

"పదింటికి గేటు మూస్తరు బాపూ. నిమిషం లేటైనా రానియ్యరు."

"ఫికర్ చెయ్యకు బిడ్డా, పెద్దపల్లి దగ్గరికే వచ్చినం."

"దగ్గరికొస్తే? నడిసి పోతనా?"

సర్కారు టీచరు ఉద్యోగానికి ఆమెకిదే ఆఖరి పరీక్ష. మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి వయసు దాటిపోతుంది. తోడు వచ్చిన తండ్రి సామ్యేల్ బొగ్గుబాయిలో మందు పెట్టి పేల్చే షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరయ్యాడు. రాళ్లు పేల్చిన మనిషికి కూతురి కోపమంటే మాత్రం భయం.

బస్సు వచ్చింది. రెజీనా చెయ్యెత్తింది. తలుపు దగ్గర వేలాడుతున్న జనంతో అది ఆగకుండానే పోయింది.

మెకానిక్ సదానందానికి ఫోన్ చేసింది. ఈ వారంలో రెండుసార్లు కారు చూసింది అతనే. రేడియేటర్ కడిగాడు, థర్మోస్టాట్ మార్చాడు.

"నీళ్లు పోసిన్రా అక్కా?"

"పొద్దున నిండుగ పోసిన. ఎక్కడా కారలే. ఫ్యాను తిరుగుతుంది."

"ఐతే హెడ్ గ్యాస్కెట్టే. ఇంజిన్ విప్పాలె."

"యాడ, రోడ్డు మీదనా?" అని ఫోన్ పెట్టేసింది.

డిప్‌స్టిక్ లాగి చూసింది. ఆయిల్ నల్లగానే ఉంది, నీళ్లు కలిసిన తెల్లదనం లేదు. గ్యాస్కెట్ కాదేమో. చక్రాలు ముట్టుకుంది. ఏదీ కాలలేదు. బ్రేకులూ పట్టేయలేదు.

"ప్రార్థన చేద్దామా?" అన్నాడు సామ్యేల్.

"పొద్దున చేస్తివి గద! పోయిన వారం గయ్యిమని ఒర్లేది, కని పవరుండె. ఇప్పుడు సప్పుడు లేదు, పానం లేదు."

సామ్యేల్ ముఖం వెలిగింది. "ఆ సప్పుడు నేనే బంద్ చేసిన."

రెజీనా మెల్లగా తలెత్తింది. "ఎట్ల?"

"కాలనీల ట్రాక్టరొచ్చిందని నవ్వుతున్నరంటివి గద. చూస్తే సైలెన్సర్ గొట్టానికి బొక్క వడ్డది. బంకమట్టి ముద్దలు చేసి కూరిన. బాయిల మందు పెట్టినంక గట్లనే మూస్తుంటిమి. కట్టెతోటి దట్టించిన, చీమ గూడ దూరది."

"ఎన్ని ముద్దలు?"

"పట్టినన్ని."

ఇంజిన్ కాస్త చల్లారాక తండ్రితో తాళం తిప్పించి, గొట్టం చివర అరచెయ్యి పెట్టింది. పొగ, జబ్బు మనిషి ఊపిరిలా సన్నగా తగిలింది. సామ్యేల్ దిగి వచ్చి తనూ చెయ్యి పెట్టాడు. ముఖంలో వెలుగు పోయింది.

"రిటర్న్ మూసిన బిడ్డా."

బాయిలో పాత గాలి బయటికిపోయే దారిని రిటర్న్ అంటారు. అది మూసుకుపోతే కొత్త గాలి లోపలికి రాదు. వేడి పెరుగుతుంది, మనుషులు నీరసపడతారు. జీవితమంతా ఆ దారి కాపాడిన మనిషి, కూతురి కారుకు అదే మూసిపెట్టాడు.

"ఎరికుండి గూడ..." అంది రెజీనా.

"తిట్టుడు తర్వాత. జాకీ రాడ్ ఇయ్యి."

తడి తువ్వాల చేతికి చుట్టుకుని సామ్యేల్ కారు కింద దూరాడు. తుప్పు బొక్కలోంచి రాడ్‌తో పొడిచాడు. వేడికి మట్టి ఇటుకలా కాలి గట్టిపడింది. బూతులు మింగుకుంటూ మళ్లీ మళ్లీ పొడిచాడు. పెంకులు రాలాయి. రెజీనా రేడియేటర్ మూతను గుడ్డతో మెల్లగా తిప్పి, నీళ్లు నింపింది.

తాళం తిప్పగానే కారు అరిచింది. పక్క చేలోని కొంగలు లేచిపోయాయి.

పెద్దపల్లిలో పరీక్షా కేంద్రం మలుపు తిరిగేసరికి కానిస్టేబుల్ గేటు లాగుతున్నాడు. కారు మోతకు ఉలిక్కిపడి, సగం మూసిన గేటు వదిలేసి రోడ్డు మీదికి వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంది గీ లొల్లి? కారా, డోజరా?"

అప్పటికే రెజీనా ఇంజిన్ ఆపి దూకింది. హాల్‌టికెట్ పైకెత్తి, అతని పక్కనుంచే గేటు సందులోకి పరుగెత్తింది. అప్పుడు మోగింది గంట. లోపలివాళ్లు గేటు మూసేశారు.

కానిస్టేబుల్ సామ్యేల్ వైపు తిరిగాడు. "పెద్దాయనా, తియ్యి కారు ఇక్కడికెల్లి."

"నాకు డ్రైవింగ్ రాదు సారూ," అన్నాడు సామ్యేల్, మసి చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ. "బిడ్డ రాసొచ్చేదాక గిక్కడనే ఉంటది."