ఎండ ఎరుగని తొండ

"విరగలేదమ్మా," అంది డాక్టర్ వందన, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని. "ఒక్క ఎముక కూడా విరగలే. మెత్తబడ్డయి, అంతే. బతికే దారి ఉంది."

అలేఖ్య పక్కనున్న నిరంజన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెళ్లో పసుపుతాడుకు ఇంకా రంగు దిగని కొత్త కోడలు. అత్తగారు ఎదురుగా ఉంటే మొగుడి చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడే మనిషి, పశువుల డాక్టరు ముందు పట్టుకొని వదల్లేదు. సేటు బతుకుతుంది అన్న ఒక్క మాట ఆమె చెవిలో గిర్రున తిరుగుతూ ఉంది.

సేటు అంటే తొండ. మన గోడల మీద తిరిగే తొండ కాదు, ఎక్కడో ఎడారి దేశంలో పుట్టిన జాతి. గొంతు కింద ముళ్లముళ్ల గడ్డం ఉంటుంది, పొట్ట పక్కలకు జారి ఉంటుంది. బట్టల దుకాణంలో పరుపు మీద కూర్చున్న సేటులాగా ఉందని అలేఖ్యే ఆ పేరు పెట్టింది.

"చూస్తవా?" అని డాక్టరు ఫిల్మును ఆమె ముందుకు జరిపింది.

అలేఖ్య చూసింది. చూసి, ఫిల్ము మీదికి ఇంకా వంగింది. జానెడు ప్రాణి లోపల ఎవరో ఓపిగ్గా కూర్చొని తెల్లదారంతో అల్లిపెట్టినట్టుంది. పక్కటెముకలు చీపురుపుల్లల కన్నా సన్నం. తోక చివరిదాకా పూస వెనుక పూస, చివరికొచ్చేసరికి ఆవగింజంత. ముందుకాలికి అయిదు వేళ్లు, ఒక్కోదానికి కణుపులు. తన అరచెయ్యి ఫిల్ము పక్కన పెట్టుకొని చూసుకుంది. ఆ చేతికీ ఈ చేతికీ ఒకే రకం కూర్పు. బీఎస్సీలో జంతుశాస్త్రం చదివి, బొమ్మలు గీసి, మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. అప్పుడు ఇంత వింత ఎందుకు అనిపించలేదో ఆమెకు అర్థం కాలేదు.

"మరి ఎండ ఎంతసేపు చూపిస్తున్నరు?" అని అడిగింది డాక్టరు.

"ఎండనా మేడం? అస్సలు తగలనియ్యలే," అన్నాడు నిరంజన్, కొంచెం గర్వంగానే. "కూలర్ ముంగటనే పెట్టినం. మధ్యాహ్నం పూట డబ్బా మీద తడి గోనె గూడ కప్పుతున్నం."

డాక్టరు సేటును తెచ్చిన డబ్బాలోకి తొంగి చూసింది. మూలకు ఒక ఎర్రటి ఉల్లిగడ్డ ఉంది. దాన్ని రెండు వేళ్లతో తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేంది?"

"ఉల్లిగడ్డ," అంది అలేఖ్య చిన్నగా. "వడదెబ్బ తగలకుండ. మా అత్తమ్మ పెట్టింది."

డాక్టర్ వందన కుర్చీలో కూలబడి కళ్లద్దాలు తీసి నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకొని, అప్పుడు చెప్పింది. "ఇది ఎండను తాగి బతికే జీవి. ఎండ పడితేనే దాని ఒంట్ల కాల్షియం ఎముకకు పడుతది. పడకపోతె ఒళ్లు ఎముకలనే కరిగించుకొని తింటది. మీరు దాన్ని మంచిగ చూసుకుంటున్నమనుకొని ఆకలికి మాడ్చిన్రు. కడుపాకలి కాదు, ఎండాకలి. ఇగ ఉల్లిగడ్డ దాని నోటికి అందనియ్యకున్రి, దానికి పడదు."

కరీంనగర్‌లో మే నెలలో ఎండ అంటే మనిషికి శత్రువు. పొద్దెక్కాక బయటికి పోయేవాడి జేబులో ఇల్లాలు ఉల్లిగడ్డ వేసి పంపుతుంది. పిల్లల తల మీద తడిగుడ్డ కప్పుతారు. ఇక్కడ ఒకరిని ప్రేమించడం అంటే వాళ్లను ఎండ తగలకుండా చూసుకోవడమే. సేటునూ ఆ ఇంట్లో అందరూ అట్లాగే ప్రేమించారు.

పైగా షాపువాళ్లు చెప్పిందీ అదే. పెళ్లయ్యాక అలేఖ్య మొదటి పుట్టినరోజుకు నిరంజన్ ఆమె కళ్లు మూసి, ఊరూరా బ్రాంచీలున్న ఓ పెద్ద పెంపుడు జంతువుల షాపుకు తీసుకుపోయాడు. కుక్కపిల్లను కొనిద్దామని అతని ఉద్దేశం. అలేఖ్య మాత్రం గాజుపెట్టె ముందు ఆగిపోయింది. లోపలి నుంచి ఒక కన్ను ఆమెను చూసింది, మెల్లగా మూసుకొని మళ్లీ తెరుచుకుంది. అంతే, కుక్కపిల్ల సంగతి ఇద్దరూ మర్చిపోయారు. ఏసీలో పెరిగింది మేడం, చల్లగా ఉంచండి, రాత్రి ఎర్రబల్బు వేయండి, ఈ డబ్బాలో ఎండుపురుగులు పెట్టండి, ఇంకేం అక్కర్లేదు అని చెప్పి, ఎండుపురుగుల డబ్బాకు రిబ్బను కూడా కట్టి ఇచ్చారు.

ఇంటికి తెచ్చిననాడు అత్తగారు అనసూర్య గడపలోనే నిలబడి చూసింది. "కుక్కపిల్లకు పోయి తొండను కొనుక్కొచ్చిండ్రా? పెరట్ల గోడ మీద ఎన్ని లేవు బిడ్డా. అడిగితె నేనే పట్టిస్తుంటి గద."

"ఇది వేరే అవ్వా," అన్నాడు నిరంజన్.

"ఏం వేరే? గడ్డం పెంచుకున్నది. మీ బాపు గూడ పెంచిండు, ఆయనేం వేరే అయిండా?"

అట్లా ఎగతాళి చేసిన మనిషే మరునాడు ఉల్లిగడ్డ తెచ్చి డబ్బాలో పెట్టింది. సేటు తినడం తగ్గించినప్పుడు, కాళ్లు వణికినప్పుడు, పొట్టను నేలకు ఈడ్చుకుంటూ నడిచినప్పుడు ఆమెకు తోచిన మందు ఒకటే. కూలర్‌లో ఇంకో బిందె నీళ్లు పోసింది.

"ఎముక విరగలేదు గాబట్టి సంతోషమే," అంది డాక్టరు, మందుచుక్కల సీసా ఇస్తూ. "కాని ఈ చుక్కలు దారి మాత్రమే చూపిస్తయి. దానంతట అది నోరు తెరిచి తినాలె. ఈ వారంల తినలేదనుకో, ఇగ నా చేతుల ఏం లేదు. పొద్దుటి ఎండ చూపియ్యిన్రి. నేరుగ ఎండల. గాజుపెట్టెల పెట్టి కాదు, కిటికి అద్దం ఎనుక కాదు. దానికి కావల్సింది అద్దం దాటి రాదు, వేడి ఒక్కటే దాటి వచ్చి ఉడకబెడుతది. సగం ఎండ, సగం నీడ ఉండాలె. ఎంత కావాల్నో అది చూసుకుంటది."

తిరిగి వచ్చే దారిలో షాపు దగ్గర ఆగారు. ఎండ రాని రోజులకని డాక్టరు రాసిచ్చిన, ఎండ పని చేసే బల్బు అడిగితే, నీలం టీషర్టు వేసుకున్న దీపిక అనే అమ్మాయి అరలన్నీ వెతికింది. లేదు. ఎర్రబల్బులు మాత్రం వరసగా ఉన్నాయి. గాజుపెట్టెలో ఇంకా రెండు గడ్డం తొండలు, ఏసీ గాలి నేరుగా తగిలే చోట, బూడిదరంగులో ఒకదాని మీద ఒకటి పడుకొని ఉన్నాయి.

"వీటికి ఎండ కావాలంట చెల్లె," అంది అలేఖ్య.

"అట్లనా అక్కా?" దీపిక నిజంగానే ఆశ్చర్యపోయింది. "మాకు ట్రైనింగుల కుక్కల దాణ గురించి చెప్పిన్రు. వీటికి ఒక అట్టముక్క ఇచ్చిన్రు, అందుల ఉన్నదే చెప్తం. మా సారుకు చెప్పిన ఒకసారి, అవి తింటలేవని. అమ్ముడువొయ్యే దాక ఉంటయి తియ్యి అన్నడు."

నిరంజన్‌కు కోపం వచ్చింది. ఏదో అనబోయాడు. అలేఖ్య అతని మోచెయ్యి గిల్లింది. ఉల్లిగడ్డ పెట్టి తీసుకుపోయిన మనం ఎవరిని అంటాం అన్నట్టు చూసింది. అలేఖ్య దీపిక ఫోన్ నంబరు అడిగి తీసుకొని బయటికి వచ్చింది.

ఇంటికి వచ్చి సంగతి చెబితే అనసూర్య బుగ్గన వేలు పెట్టుకుంది. మామగారు రాజలింగు మాత్రం చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగి దిగి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాడు. ఇన్ని రోజులూ సేటు ఊసు ఎత్తనివాడు లేచి వచ్చి డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మొదటి షిఫ్టు దిగితె పొద్దంత లోపల్నే," అన్నాడు, తొండకు చెబుతున్నట్టు. "పైకెక్కినంక టోపి తీసి జరసేపు ఎండల నిలవడేటోణ్ణి. తోటోళ్లు నవ్వేటోళ్లు, ఏం రాజలింగూ, ఎండల ఏమన్న పంచుతున్నరా అని. ఒంట్లకు ఏదో దిగుతున్నట్టు ఉండేది. ఏందని మాత్రం ఎరుక లేకుండె." డబ్బాను దగ్గరికి జరుపుకొని, "దీన్ని నేను తీస్కపోత మిద్దె మీదికి. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు.

మరునాటి నుంచి పొద్దు పొడవగానే మామగారి భుజం మీద తువ్వాల, తువ్వాల మీద సేటు. వెనుక నుంచి అనసూర్య, "నన్నెప్పుడన్న గంత పైలంగ ఎత్తుకున్నవా?" అనేది. మిద్దె మీద సగం ఎండలో, సగం నీళ్లట్యాంకు నీడలో ఓ పాత చాప పరిచారు. పక్కన మునగాకు, గుమ్మడి తురుము, ఒక ముద్దమందారం పెట్టారు. సేటు చాప మీద గోనెపీసులా పడి ఉండేది. అలేఖ్య చుక్కలు పోసేది, నోటి దగ్గర ఆకు పెట్టేది. సేటు మొహం తిప్పుకునేది. ఒకరోజు గడిచింది, ఇంకో రోజు గడిచింది. డాక్టరు చెప్పిన వారం కరిగిపోతూ ఉంది. నిరంజన్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి బాగున్నావా అని కాదు, తిన్నదా అని అడిగేవాడు. ఆకు మార్చి మళ్లీ పెట్టాను అనేది అలేఖ్య.

ఆదివారం నలుగురూ మిద్దె మీదే ఉన్నారు. ఎండ ఇంకా లేతగా ఉంది. మొదట అనసూర్యే చూసింది. "అగో, దాని రంగు సూడున్రి."

బూడిదరంగు వీపు మీద ఎక్కడో ఒక పసుపు చుక్క మొదలైంది. చూస్తుండగానే పక్కలకు పాకింది. దీపం వత్తికి నూనె ఎక్కినట్టు మెడ దాకా, తల దాకా ఎక్కింది. సేటు తన ఒంటిని పళ్లెంలా వెడల్పు చేసి, సూర్యుడి వైపు ఒక పక్కకు వంచి పట్టింది. ముళ్లముళ్ల గడ్డం అంచున నారింజరంగు వచ్చింది. వరికోతప్పటి పొలం రంగు జానెడు ఒంటి మీద పరుచుకుంది. ఎదురింటి మిద్దె మీద బట్టలారేస్తున్న ఆమె కూడా చీర చేతిలో పట్టుకొని, వీళ్లు నలుగురూ దేన్ని చూస్తున్నారా అని నిలబడిపోయింది.

అప్పుడు పిట్టగోడ మీదికి ఒక మామూలు తొండ ఎక్కింది. మన పెరటి తొండ. గొంతు ఎర్రగా చేసుకొని, ఇది నా గోడ అన్నట్టు తల పైకీ కిందికీ ఊపింది. సేటు తల తిప్పి చూసింది. మెల్లగా, చాలా మెల్లగా, ఒక ముందుకాలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పి కింద పెట్టింది.

"సలాం కొట్టింది," అంది అనసూర్య, నోటి మీద చెయ్యి పెట్టుకొని. "మన తొండకు సలాం కొట్టింది."

"కొత్తగ వచ్చింది గద, పెద్దమనిషికి కొట్టదా మరి?" అన్నాడు రాజలింగు.

నిన్నటి దాకా వణికిన చెయ్యి అది. ఫిల్ములో చూసిన ఆ తెల్లటి వేళ్లు అయిదూ ఇప్పుడు ఎండలో విచ్చుకొని కనిపించాయి. అలేఖ్యకు కళ్లు నిండాయి. ఎక్కడి ఎడారి జాతి, ఎక్కడి కరీంనగర్ పిట్టగోడ. ఎవరు నేర్పారు వీటికి ఈ మర్యాద?

గోడ మీది తొండ వెళ్లిపోయింది. సేటు చాప మీద నాలుగడుగులు వేసింది, పొట్ట నేలకు ఆనకుండా. ముద్దమందారం ముందు ఆగి, నాలుక చాచి ఒకసారి తాకింది. తర్వాత ఎర్రటి రెక్కను నోటితో పట్టి లాగి, నమిలింది. గడ్డం అంతా ఎరుపు పూసుకొని ఇంకో రెక్క లాగింది.

నిరంజన్ కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఫోనులో అంతా పట్టాడు. అలేఖ్య ఆ వీడియోను మొదట డాక్టరుకు, తర్వాత దీపికకు పంపింది. డాక్టరు నుంచి ఒక చేతులెత్తి దండం పెట్టే బొమ్మ వచ్చింది. దీపిక మాత్రం వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, గిది మా దగ్గర తీస్కపోయిందేనా? నిజంగ? గీ రంగు ఉంటదా వీటికి?" ఆ పిల్ల గొంతు తగ్గించింది. "అక్కా, మా షాపు వెనుక మెట్ల మీద పొద్దుగాల ఎండ వస్తది. సారు వచ్చేసరికి పదకొండు అయితది. ఎట్ల పెట్టాల్నో నువ్వు ఒకసారి చూపియ్యరాదు?"

అలేఖ్య ఫోను పట్టుకొనే మామగారి వైపు చూసింది. ఆయన అప్పటికే చాపను జానలతో కొలుస్తున్నాడు.

"రేపు పొద్దుగాల పోదాం," అన్నాడు. "ఇంకో చాప నేను తెస్త. ముందుగాల నీడ ఏడ పడుతదో చూసి పరుద్దాం. ఓ అనసూర్యా, మందారపు చెట్టుకు ఎన్ని పూలుంటె అన్ని పొద్దుగాలనే తెంపి పెట్టు."