పీఠికలో సూరయ్య పేరు

తండ్రి ఉత్తరాలు కాలిపోలేదన్న కబురు విని మురళీమోహన్ సంతోషించాలి. సంతోషం మాట దేవుడెరుగు, భయం పట్టుకుంది. అవి కాలిపోయాయని పుస్తకంలో అచ్చు వేయించింది తనే మరి.

తండ్రి తిరుమలరావు రైతుకూలీల తరఫున రాసి, ఊళ్లు తిరిగి, జైలుకెళ్లిన మనిషి. పోలీసులు ఇల్లిల్లూ సోదా చేస్తున్న రోజుల్లో తన ఉత్తరాలూ రాతప్రతులూ గజపతినగరం అవతల ఒక పల్లెలో సూరయ్య అనే రైతు దగ్గర దాచాడు. ఆయన పోయాక కొడుకు విజయనగరంలో లెక్చరరయ్యాడు, రిటైరయ్యాడు, నిరుడు తండ్రి రచనలకు సంపాదకుడూ అయ్యాడు. ఆ పల్లె ముఖం మాత్రం చూడలేదు. పీఠికలో ఉత్తరాల సంగతి వచ్చేసరికి ఎవరో అన్న మాట పట్టుకుని దర్జాగా ఒక వాక్యం రాసి పారేశాడు.

ఇప్పుడు సూరయ్య కొడుకు కొండబాబు ఫోన్ చేశాడు. పాత ఇల్లు పడగొడుతున్నారట, కాగితాలు తీసుకెళ్లమన్నాడు.

వెళ్లాడు. విత్తనాల గాదెలోంచి తీసిన రేకుపెట్టె అరుగు మీద ఉంది. మూత తీస్తే వేపాకు వాసన. తండ్రి చేతిరాత చెక్కు చెదరలేదు.

"ఏటా ఎండేసి మళ్లీ ఎట్టేవోళ్లం," అంది సూరయ్య భార్య కూర్మమ్మ. "ఇవెక్కడున్నాయో సెప్పమని టేసన్లో మా ఇంటాయన కాలు ఇరగ్గొట్టేసారు. సెప్పలేదు. కుంటుకుంటానే దుక్కి దున్నుకున్నాడు. తిరుమలరావుగోరి కొడుకొచ్చి అడిగితేనే ఇయ్యమని సెప్పి పోనాడు."

మురళీమోహన్‌కి పెట్టె ఎత్తుకుని పారిపోవాలనిపించింది. లేచాడు కూడా.

"కూకో బాబూ. పుస్తకం ఏసినావంట కదా. మా ఇంటాయన పేరున్నాదా అందులో?"

"ఉంది," అన్నాడు. అది నిజమే, అదే ఖర్మ.

కొండబాబు లోపలికెళ్లి ఆ పుస్తకమే తెచ్చి అతని చేతిలో పెట్టాడు. మొన్న టౌన్లో కొన్నాడట.

"అమ్మకి సదువు రాదు. నాను సదివాను గానీ సెప్పలేదు. మీరే సదవండి మేస్టారూ."

ఆ ముఖంలో కోపం లేదు. దాన్ని భరించడం మరీ కష్టమైంది.

పేజీ తీశాడు. రాసిన వాక్యం కళ్లెదుటే ఉంది. నోరు మాత్రం ఇంకోటి అల్లింది. "ప్రాణానికి తెగించి ఈ ఉత్తరాలను కాపాడిన సూరయ్యగారికి నా నమస్కారాలు." క్లాసులు చెప్పిన గొంతు కదా, తడబడలేదు.

కూర్మమ్మ కళ్లు తుడుచుకుని పుస్తకం ఒళ్లోకి తీసుకుంది. పేరెక్కడుందో చూపించమంది. చూపించాడు. ఆ అక్షరాలను వేలితో తడిమి, వేలు కళ్లకద్దుకుంది.

"ఒరే కొండా, ఈ కాయితం పటం కట్టించరా. మీ అయ్య పటం పక్కనెడదాం."

కొండబాబు అతని వైపు తిరిగాడు. "కట్టించమంటారా మేస్టారూ?" అన్నాడు మెల్లగా.

మురళీమోహన్ సిగ్గుతో చితికిపోయాడు. వంగి ఆమె ఒళ్లోంచి పుస్తకం తీసుకున్నాడు.

"ఇందాక చదివింది ఇందులో లేదమ్మా," అన్నాడు. ఈసారి ఉన్నదున్నట్టు చదివాడు. "సూరయ్య అనే రైతు పోలీసులకు జడిసి, నాన్నగారి ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టేశాడు."

తల ఎత్తలేకపోయాడు. నాలుగు తిడితే బాగుండుననుకున్నాడు. కూర్మమ్మ పెట్టె మూత వేసి, అతని వైపు జరిపింది.

"ఇజీనారం ఏమంత దూరం?" అంది. "ఓపాలి వచ్చి అడగలేకపోనావా బాబూ?"