గొడుగుల బుట్టలో బీరు మూతల కర్ర

ఆపిల్ పండగ రోజున, తమ పాటకు ఇంకా గంట ఉందనగా, నోలా ఆప్ షాపులోకి వెళ్లడమే తప్పు. వెళ్లొద్దని బ్యాండు పెద్ద క్లిఫ్ మరీ మరీ చెప్పాడు. కానీ ఆ పాతబట్టల కొట్టు వాకిట్లో "ఇవాళ సంచెడు బట్టలు ఒకటే ధర" అని బోర్డు పెడితే, చూసీ చూడనట్టు పోవడానికి నోలా ఏమన్నా సన్యాసినా?

చేతిలో ఆమె వాయిద్యం ఉంది. వాయిద్యమంటే పెద్ద హంగేమీ లేదు. నిలువెత్తు కర్రకు బీరు సీసాల మూతలు వదులుగా మేకులతో కొట్టారు, అంతే. నేలకేసి మోదితే ఘల్లుమంటుంది. ఆ దెబ్బే బ్యాండు మొత్తానికి తాళం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని కొట్టినా నోలా దెబ్బ పాటకు వెంట్రుకవాసి వెనకే పడేది.

"కర్ర బరువు, క్లిఫ్. ఎత్తేలోపే పాట దాటిపోతోంది" అని ఒకసారి మొరపెట్టుకుంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. ఈ పండక్కి కూడా తప్పావో, కర్ర ఇంకొకరి చేతికిస్తాను. తర్వాత నన్ననుకోకు" అన్నాడు క్లిఫ్.

ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. జుట్టు కత్తిరించే తన దుకాణం ఎత్తేశాక, నలుగురితో కూర్చుని పగలబడి నవ్వేది శుక్రవారం సాధన పూటే. అదీ పోతే వారమంతా పిల్లితోనే కబుర్లు.

సరే, లోపలికెళ్లి కర్రను గుమ్మం పక్కనున్న గొడుగుల బుట్టలో నిలబెట్టింది. ఎర్ర కుచ్చుల గౌను ఒకటి దొరికింది. ఏ మహాతల్లి కుట్టించుకుందో గానీ నోలాకు కొలిచినట్టు సరిపోయింది. మడమలకు ఇనప పట్టీలున్న తోలు బూట్లు కూడా దొరికాయి. అన్నీ తొడుక్కుని, మురిసిపోతూ గుమ్మం దగ్గరికొస్తే బుట్టలో గొడుగులే ఉన్నాయి. కర్ర లేదు.

"ఒసేయ్ బెరిల్! నా కర్రేదే?"

గల్లా దగ్గర కూర్చునే బెరిల్ కళ్లజోడు పైకి తోసుకుంది. "అది నీదా? అమ్మేశాను కదే!"

"అమ్మేశావా!"

"బుట్టలో ఉన్నవన్నీ అమ్మకానికే కదా తల్లీ! ఎవరో పెద్దాయన కొన్నాడు. వాల్‌నట్ చెట్ల మీద తెల్ల కాకటూ చిలుకలు వాలి ఒక్క కాయా మిగల్చడం లేదట. వాటిని తోలడానికి భలే ఉందని పట్టుకెళ్లాడు. బేరం కూడా ఆడలేదు పాపం."

"పాపం ఆయనా? పాపం నేను! కొంప ముంచావే!"

నోలా ఎర్ర గౌనుతోనే వీధిన పడింది. మాంసం కజ్జికాయల బండి దగ్గర చూసింది, ఆపిల్ తొక్కలు తీసే పోటీ దగ్గర చూసింది. ఎక్కడా లేడు. ఇంతలో మైకులో వాళ్ల బ్యాండు పేరు పిలవనే పిలిచారు.

వట్టి చేతులతో వేదికెక్కిన ఆమెను చూసి, అకార్డియన్ మెళ్లో వేసుకున్న క్లిఫ్ నోరు తెరిచాడు. "కర్రేది?"

"కాకటూలను తోలడానికి వెళ్లింది."

"ఏమిటీ?"

"తర్వాత చెప్తా. మొదలెట్టు నాయనా!"

పాట ఎత్తుకున్నారు. చేతులేం చేసుకోవాలో నోలాకు తోచలేదు. గౌను అంచులు గుప్పెళ్లతో పట్టుకుని, చెక్కల మీద మడమలతో తొక్కడం మొదలుపెట్టింది. మొదట భయంభయంగా, తర్వాత భయం మర్చిపోయి. అంతలో జనం వెనక నుంచి ఘల్లుమంది. మళ్లీ ఘల్లుమంది. టోపీ కిందికి లాక్కున్న బక్కపల్చని ముసలాయన, చేతిలో బీరు మూతల కర్ర. ఒక్క దెబ్బ అటూఇటూ పోవడం లేదు!

తన చోటు పోయినట్టేనని నోలాకు ఆ క్షణానే అర్థమైంది. చూడనట్టు ఊరుకోవచ్చు కూడా. కానీ ఆయన మొహం ఎంత వెలిగిపోతోందంటే, ఊరుకోవడానికి మనసొప్పలేదు.

"అక్కడేం చేస్తారు పెద్దాయనా, పైకి రండి!" అని చెయ్యూపి పిలిచింది.

పాట అయ్యేసరికి ఈలలతో వీధి దద్దరిల్లింది. క్లిఫ్ ముసలాయన చెయ్యి పట్టుకుని వదలడే! "ఏం తాళమండీ! ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?"

నోలా తల వంచుకుని బూట్ల తాళ్లు విప్పుకుంటూ, "ఇక ఆ కర్ర ఆయనకే ఇవ్వు, క్లిఫ్" అంది.

ముసలాయన, పేరు లైల్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "గట్టిగా అనండి బాబూ, నాకు చెవుడు."

"తాళం! మీ తాళం బాగుందంటున్నా!" అని అరిచాడు క్లిఫ్.

"నాదెక్కడి తాళం? మీ పాట నాకు ముక్క వినపడితే ఒట్టు. ఈవిడ అడుగు పడ్డప్పుడల్లా ఒక దెబ్బ వేశాను. అంతే."

క్లిఫ్ నోలా కాళ్ల వంక చూశాడు. లైల్ చేతిలోంచి కర్ర తీసుకుని ఒకసారి ఎత్తి చూశాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"బరువే" అని గొణిగాడు. కర్రను ఆయన చేతికి తిరిగిచ్చి, ఎటో చూస్తూ, "శుక్రవారం ఆరింటికి. కర్ర ఆయన తెస్తాడు. నువ్వు కాళ్లు తెచ్చుకో, చాలు" అన్నాడు.

నోలాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు లైల్.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి, వీధంతా వినపడేలా అరిచింది. "రమ్మంటున్నాడు పెద్దాయనా! మనిద్దర్నీ!"