రాలితే దొరకదా?

ఒక్కో బట్టా దులిపి, జేబులు తిరగేసి, కుట్లు తడిమి చూస్తే తప్ప అత్తగారు బక్కెట్లో నానెయ్యదు. ముప్పై ఏళ్ల అలవాటు. దొరికిన గుండీలు, పిన్నీసులు, కొడుకు పోయిందని ఊరంతా వెతికిన స్కూటరు తాళం, అన్నీ ఒక రేకుడబ్బాలో పడతాయి. కోడలు మొదట్లో చాదస్తమని నవ్వుకునేది. ఆ చాదస్తమే తన ప్రాణం కాపాడుతుందని కలగన్నదా ఏమిటి!

రెండో కాన్పయ్యాక, ఇక పిల్లలు పుట్టకుండా లూపు వేయించుకుంది. ఏడాది తిరక్కుండా పొత్తికడుపులో పోట్లు మొదలయ్యాయి. కుట్టుమిషను తొక్కుతుంటే లోపలెవరో సూది దింపుతున్నట్టుండేది. డాక్టరమ్మ చూసి, "లూపు దారం కనబడట్లేదు, రాలిపోయుంటుంది" అని మాత్రలు రాసిచ్చింది. అంతే, మొగుడికి మాట దొరికింది. "లేనిది నొప్పెడుతుందటే? వంటింటి నొప్పి కాబోలు, సరిగ్గా భోజనాలవేళకే వస్తుంది!" విని విని, నొప్పి తన బుర్రలోనే ఉందేమోనని ఆమెకే అనుమానం పట్టుకుంది. పంటిబిగువున వండింది, కుట్టింది, పిల్లలకు జడలు వేసింది.

ఒక ఉదయం పొయ్యిగట్టు పట్టుకుని అలాగే వంగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. మొగుడు మళ్లీ "రాలిపోయిందన్నారుగా" అనగానే, అత్తగారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"ఎక్కడ రాలిందిరా? దీని బట్టలన్నీ ఉతికేది నేను. నీ తాళం దొరికింది, చొక్కా గుండీ దొరికింది. అది రాలితే దొరకదా?"

"దొడ్లో పోయుంటుందిలే అమ్మా."

"అది పోతే నొప్పీ పోవాలిగా! బండి తియ్యి. పెద్దాసుపత్రిలో ఫొటో తీయిద్దాం."

ఎక్స్‌రేలో తెల్లగా కనబడింది. గర్భసంచి గోడ చీల్చుకుని పేగుల పక్కకు చేరిందట. ఆ పూటే ఆపరేషను చేసి తీసేశారు.

కళ్లు తెరిచేసరికి అత్తగారు మంచం పక్కనే ఉంది. సబ్బుకు పగిలి గరుకెక్కిన ఆమె చేతిని కోడలు రెండు చేతులా పట్టుకుంది. తీసింది డాక్టర్లే, సరే. కానీ ఉందని నమ్మింది ఈ చెయ్యొక్కటే. ఆ చేతిని కళ్లకద్దుకుని ఏడ్చేసింది.

"ఏడవకే తల్లీ, కుట్లు లాగుతాయి."

ఇంటికి పంపేరోజు డాక్టరు అడిగింది: "ఇక ముందు పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడతావా, ఇంకేదైనానా?" మొగుడు అలవాటుగా పెళ్లాం వైపు చూశాడు. ఆమె అత్తగారి చెయ్యి వదలకుండానే నెమ్మదిగా అంది.

"ఈసారి ఆయన వంతండీ. మగవాళ్లకు చేసేది చిన్న ఆపరేషనేనటగా."

అతను గతుక్కుమని తల్లి వైపు తిరిగాడు.

"నన్నేం చూస్తావురా? భయపడకు. నీ బట్టలూ ఉతికేది నేనే. ఏదైనా రాలితే డబ్బాలో దాచిపెడతాలే."