దూడకు విడిచిన చన్ను

మా జెర్సీ ఆవుకు రోగమంటే నేను నమ్మలేదు. మేస్తోంది, నెమరేస్తోంది, పొదుగు మీద వాపు లేదు, వేడి లేదు. పూటకు రెండు లీటర్ల పాలు మాత్రం తగ్గాయి. కేసముద్రం నుంచి పశువుల డాక్టర్ సుభాషిణి గారిని పిలిపించాను.

"పైకి కనవడని పొదుగువాపు గూడ ఉంటది వినోదక్కా. చూద్దాం" అన్నారామె.

పాలు పిండే మొగిలయ్య కాక పక్కనే నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఆరిళ్ల ఆవులు ఆయన చేతి మీదే. గుంటెడు భూమి లేని మనిషికి ఆ చేతులే బతుకు. ఎంత తన్నే ఆవైనా ఆయన పిండడానికి కూర్చుంటే పాలు చేపుతుంది. చేతివాసి మంచిదని ఊరంతా అనుకునేది.

డాక్టరమ్మ నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ పళ్లెంలో నాలుగు చన్నుల పాలు వేర్వేరుగా పిండి, ఊదారంగు మందు పోసి తిప్పారు. మూడింట్లో పాలు సగ్గుబియ్యం జావలా చిక్కబడ్డాయి. నాలుగోది పలచగానే ఉంది.

"ఇదొక్కటి ఎట్ల బాగున్నదో" అన్నారామె.

"అది దూడకిడిచేది మేడం. దానికి నేను చెయ్యి పెట్టనే పెట్ట" అన్నాడు కాక.

అన్నాక ఆయనే తన చేతుల వంక చూసుకున్నాడు. చెంబులోని పాలతోనే వేళ్లు తడుపుకుని పిండడం, భుజం మీది తువ్వాలకు తుడుచుకుని ఇంకో ఇంటికి నడవడం ఆయనకెంత అలవాటో, చూస్తూ ఊరుకోవడం మాకూ అంతే అలవాటు.

"నా చేతులే మోసుకపోతాన్నయా మేడం? అన్ని ఇండ్లకు?"

"తక్కిన ఆవులను చూస్తే గని చెప్పలేను కాకా. చేతుల నుంచి అంటుతది, అదైతే నిజం."

పాలు ల్యాబుకు పంపి, రిపోర్టు రాగానే చన్నుల్లోకి మందు ట్యూబులు ఎక్కిస్తామని, తాను చెప్పేదాకా పాలు అమ్మవద్దని అన్నారు. ఈ ఆవును అన్నింటికన్నా చివర పిండాలి. ఆవుకూ ఆవుకూ మధ్య సబ్బుతో చేతులు కడగాలి. పిండాక చన్నులను అయోడిన్ మందులో ముంచాలి. కాక అన్నింటికీ తలూపాడు.

ఆమె వెళ్లగానే ఎవరూ అడగకుండానే మిగిలిన ఐదిళ్లకూ తిరిగి, రోగం తన చేతులతోనే వచ్చి ఉంటుందని, ఆవులకు టెస్టు చేయించుకోమని చెప్పాడు. నలుగురు రేపటి నుంచి రావద్దన్నారు. నోరు మూసుకుంటే ఎవరికి తెలిసేదని నాకు ఆయన మీద కోపమొచ్చింది. వాళ్ల మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ నలుగురిలో ఒక్కరైనా ఏనాడైనా చేతులకు చెంబెడు నీళ్లిచ్చారా? నేను మాత్రం ఇచ్చానా? సిగ్గేసింది.

సాయంత్రం పాలవేళకు కాక వచ్చి కొట్టం బయటే నిలబడ్డాడు.

"నువ్వే పిండు బిడ్డా. ఎట్లనో నేను ఈడ్నుంచే చెప్త."

"అది నన్ను తంతది కాకా. రా, చేతులు కడుక్కో."

సబ్బిచ్చి నీళ్లు పోశాను. మోచేతుల దాకా రుద్దుకున్నాడు. గోళ్ల సందులు రుద్దుకున్నాడు. రెండో చెంబు పోశాను, మూడోదీ పోశాను.

"ఇగ సాలు కాకా. ఆవు సేపింది."

ఆయన చేతులు అలాగే చాపి ఉంచాడు.

"ఇంకో చెంబు పొయ్యి బిడ్డా" అన్నాడు. "ముప్పై ఏండ్లది."