పలకకు పుత్తూరు కట్టు

డెబ్బై తొమ్మిదిలో పుత్తూరులో గ్రంథాలయం కట్టినారు. ఆడవాళ్లు చదువుకునే గదికి అడ్డంగా చెక్కగోడ పెట్టే పని నాకూ, నాతో కలిసి వడ్రంగం చేసే ఇమాంసాహెబుకూ వచ్చింది. చిత్తూరు ఇంజనీరు టేకు ఇయ్యలేదు. ప్లైవుడ్డు పలకలు పంపినాడు. సరిగ్గా ఆరు. పదిహేను దినాల్లో వచ్చి చూస్తాననీ, గోడ బాగుంటే కొత్త బడి తలుపులన్నీ మాకేననీ, లేకుంటే చిత్తూరు వాళ్లను పిలుస్తాననీ చెప్పినాడు.

ఏ మాను కోసినా నీళ్లలో నానేసి, ఆరబెట్టి, ఆ తరువాతే ఉలి పెట్టేది మా అలవాటు. పురుగు పట్టదు. ఇదీ మానే కదా అని ఒక పలకను తోట కాలవలో వేసి పైన రాయి పెట్టినాను. ఇమాంసాహెబు వద్దన్నాడు. నేను వినలేదు.

మూడో దినం తీస్తే పలక పొరలు పొరలుగా విడిపోయి ఉండాది. ఇమాంసాహెబు నడుం పట్టుకుని నవ్వినాడు.

"ఏమప్పా ఆదిమూలం, ఎముకలు కట్టే దేవరాజులు దగ్గరికి తీసకపో. కట్టు కట్టి పంపుతాడు."

అతను ఎగతాళికే అన్నాడు. నేను బండి కట్టినాను.

దేవరాజులు వాకిట్లో కాళ్లూ చేతులూ విరిగినవాళ్ల వరసలో పలక పక్కన కూర్చున్నాను. నాగులమ్మ అనే ముసలామె, దెబ్బ యాడ తగిలింది నాయనా అని అడిగింది. పలకను చూపించినాను.

దేవరాజులు నవ్వలేదు. పొరలు తడిమి చూసినాడు.

"ఒక పొర నార నిలువు, దాని మీది పొర నార అడ్డం. నేను వెదురు దబ్బలు నిలువుగా పెట్టి గుడ్డ అడ్డంగా చుట్టేదీ ఇట్లే. ఇదే వరసలో అంటించు. వారం దినాలు కదిలించొద్దు."

"పత్యం?"

"నీళ్లు తాగించొద్దు."

పొరలు ఆరబెట్టినాను. బంక కాచి పూసి, అదే వరసలో పేర్చి, పైన బండరాళ్లు ఎత్తినాను. వారం తరువాత తీసి గోడకు బిగించినాను.

ఇంజనీరు వచ్చి పలకలన్నీ వేళ్లతో కొట్టి చూసినాడు. ఆరోదాని దగ్గర నిలబడిపోయినాడు. దీని మోతే వేరుగా ఉందే అన్నాడు. ఇమాంసాహెబు నేల చూపులు చూసినాడు.

"నేను నీళ్లలో నానేసినాను సార్. విడిపోయింది. పుత్తూరు కట్టు కట్టినాను."

ఇంజనీరు ఇంకోసారి కొట్టినాడు. భుజంతో నెట్టినాడు. పలక కదల్లేదు. అప్పుడు నవ్వినాడు.

బడి తలుపులు మాకే వచ్చినాయి. వాటికీ ప్లైవుడ్డే. పలకలు దించినంత సేపూ ఇమాంసాహెబు కాలవకు పోయే దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.